విస్తరణ సిబ్బంది నిలకడ: కొలవవలసింది గ్రామం నుంచి

వ్యవసాయ విస్తరణ సంస్థల నివేదికలలో సిబ్బందిని గురించి సాధారణంగా ఒకే పట్టిక కనిపిస్తుంది. మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, ఖాళీలెన్ని అన్న మూడు గడులతో అది ముగుస్తుంది. కృషి విజ్ఞాన కేంద్రమైతే పదహారు పోస్టుల వరుస ఉంటుంది. అధిపతి ఒకరు, విషయ నిపుణులు ఆరుగురు, ఆ తరువాత కార్యక్రమ సహాయకులు, కార్యాలయ సిబ్బంది, డ్రైవర్లు, సహాయక సిబ్బంది. ఖాళీల గడిలో సున్నా ఉంటే సిబ్బంది సమస్య లేదని యాజమాన్యం భావిస్తుంది. ఒకే పోస్టులో ఐదేళ్లలో నలుగురు మారినా ఆ గడిలో కనిపించేది సున్నాయే. ఉన్న వ్యక్తి ఎంతకాలంగా ఉన్నాడో చెప్పే నాలుగవ గడి ఆ పట్టికలో లేదు. పోస్టు భర్తీ కావడం, మనిషి నిలవడం రెండు వేర్వేరు విషయాలన్న స్పృహ లేకపోవడం వల్లనే ఆ గడి ఏర్పడలేదు.

ఉద్యోగుల నిలకడపై వచ్చిన సాహిత్యంలో అధిక భాగం పరిశ్రమలు, వ్యాపార సంస్థలకు సంబంధించినది. అక్కడ ఉద్యోగి రాజీనామా చేసినప్పుడే సంస్థకు నష్టం. మరో శాఖకు మారితే అతడి అనుభవం సంస్థలోనే ఉంటుంది. విస్తరణ రంగానికి ఈ కొలబద్దను యథాతథంగా తీసుకొనడం పొరపాటు. ప్రభుత్వోద్యోగాన్ని వదలుకొనేవారు ఎప్పుడూ తక్కువే కనుక రాజీనామాలను మాత్రమే లెక్కిస్తే విస్తరణ శాఖలలో నిలకడ అద్భుతంగా ఉన్నట్లే కనిపిస్తుంది. అయితే ఉద్యోగి రాజీనామా చేసినా, బదిలీ అయినా, డిప్యుటేషన్‌పై వెళ్లినా, కాంట్రాక్టు పొడిగింపు రాక ఆగిపోయినా రైతుకు ఎదురయ్యే ఫలితం ఒక్కటే. నిన్నటి వరకు తన పొలం తెలిసిన మనిషి నేడు లేడు. కాబట్టి నిలకడను సర్వీసు రిజిస్టరు నుంచి కాక గ్రామం నుంచి కొలవాలి. ఒక ఊరి రైతులకు ఒకే వ్యక్తి వరుసగా ఎన్ని పంటకాలాలు అందుబాటులో ఉన్నాడన్నదే అసలు సూచిక.

ఇలా మారిపోవడంలో పోయేది ఏమిటి? సాంకేతిక పరిజ్ఞానం కాదు. వరిలో నత్రజని ఎన్ని దఫాలుగా వేయాలో, విత్తనశుద్ధి ఎలా చేయాలో కొత్తగా వచ్చిన పట్టభద్రుడికి కూడా తెలుసు, తెలియకపోతే వ్యవసాయ పంచాంగం ఉంది. పోయేది స్థానిక జ్ఞాపకం. కాలువ చివరి భూములకు నీరు ఏ వారంలో చేరుతుంది, ఏ దిబ్బ మీద చౌడు ఉంది, గత ఏడు ఏ వీధి రైతులు ఎవరి వద్ద విత్తనం తెచ్చి మోసపోయారు, కౌలుకు చేస్తున్నదెవరు, పట్టా ఎవరి పేరున ఉంది, చెప్పిన మాటను నలుగురికీ చేరవేసే రైతు ఎవరు అన్న సంగతులు ఏ పుస్తకంలోనూ ఉండవు. 2018లో మొక్కజొన్నపై కత్తెర పురుగు, 2021లో మిరపపై నల్ల తామర పురుగు వచ్చినప్పుడు ఈ తేడా స్పష్టంగా బయటపడే అవకాశం కలిగింది. పురుగు కొత్తది కనుక అందరికీ దాని గురించి తెలిసింది కొంతే. కాని ఏ చేలో ముందుగా వెదకాలో, ఎవరికి ఫోను చేస్తే ఊరిలో సగం మందికి కబురు అందుతుందో తెలిసిన వ్యక్తికి, ఆ నెలలోనే చేరిన వ్యక్తికి మధ్య పది రోజుల దూరం ఉంటుంది. అటువంటి పురుగుల విషయంలో పది రోజులంటే పంటలో పెద్ద భాగమే.

పరిశోధన విభాగం ఈ సత్యాన్ని ఎన్నడో గుర్తించింది. మారుటేరు నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి వంటి రకాల వెనుక అనేక తరాల సంతతిని వరుసగా ఎంచుకుంటూ వచ్చిన కృషి ఉంది. ప్రజనన శాస్త్రవేత్త మారినా అతడి క్షేత్ర పుస్తకం మిగులుతుంది. ఏ వరుసలో ఏ సంతతి ఉందో, దానిని ఎందుకు ఉంచారో, పక్కదానిని ఎందుకు తీసివేశారో తరువాత వచ్చినవారు చదువుకొనగలరు. ఆ పుస్తకం లేకుండా ప్రజనన కార్యక్రమాన్ని అప్పగించడాన్ని ఏ పరిశోధన స్థానమూ ఒప్పుకోదు. విస్తరణ విభాగంలో మాత్రం ఊరిని ఆ విధంగానే అప్పగిస్తున్నారు.

ఈ ఖాళీని నింపుతున్నది ఎవరో ప్రతి విస్తరణ శాస్త్రవేత్తకూ తెలుసు. పురుగుమందుల దుకాణదారు. రైతు సలహా కోసం ముందుగా దుకాణానికి వెళ్తున్నాడని విస్తరణ వర్గాలలో తరచుగా ఆవేదన వ్యక్తమవుతుంది. అరువు సౌకర్యం, కంపెనీల ప్రోత్సాహకాలు ఇందుకు కారణాలుగా చూపుతారు. అవి నిజమే. అయినా ఒక సాదా కారణాన్ని ఎవరూ పట్టించుకోరు: దుకాణదారుకు బదిలీ లేదు. అదే వీధిలో, అదే బల్ల వెనుక ఇరవై ఏళ్లుగా కూర్చున్న మనిషికి రైతు తండ్రి కూడా తెలుసు. ఈ వాస్తవాన్ని హైదరాబాదులోని మేనేజ్ సంస్థ ఆచరణలో అంగీకరించిందనే చెప్పాలి. ఉత్పాదకాల డీలర్ల కోసం 2003లో ప్రారంభమైన ఏడాది డిప్లొమా, ఊరిలో కదలకుండా ఉండే మనిషికే శాస్త్రం నేర్పాలన్న ఆలోచనకు రూపం. ఆలోచన మంచిదే. కాని ప్రభుత్వ విస్తరణకు అది ఒక మౌన విమర్శ కూడా.

శిక్షణ, సందర్శన పద్ధతిని ఈ సందర్భంలో గుర్తు చేసుకొనడం అవసరం. 1970 దశకం నుంచి అమలైన ఆ విధానంలో గ్రామ విస్తరణ కార్యకర్త తన పరిధిలోని రైతులను ఎనిమిది బృందాలుగా విభజించుకొని, పక్షానికొకసారి నిర్ణీత దినాన ప్రతి బృందాన్నీ కలిసేవాడు. సందేశాలు పైనుంచి కిందికి దిగేవి, రైతు మాట పైకి చేరేది కాదు, ప్రపంచ బ్యాంకు నిధులు ఆగగానే ఖర్చు భారమైంది. ఈ లోపాలన్నీ పాఠ్యపుస్తకాలలో ఉన్నాయి. ఏ రోజున ఎవరు వస్తారో రైతుకు ముందుగా తెలియడమన్న ఒక్క సుగుణాన్ని మాత్రం లోపాలతో పాటే పారవేయడం జరిగింది.

ఇక కాలం లెక్క. ఊహాత్మకంగా ఒక సహాయకుడి పరిధిలో 600 రైతు కుటుంబాలు ఉన్నాయనుకుందాం. వారానికి నాలుగు రోజులు పొలాలకు కేటాయించి, రోజుకు ఆరుగురిని వారి చేలోనే కలిస్తే వారానికి 24 కుటుంబాలు. అందరినీ ఒక్కసారి చూడడానికి 25 వారాలు, అంటే ఒక పంటకాలం పూర్తిగా పడుతుంది. మొదటి కలయికలో తెలిసేది పేరు, పొలం గట్టు మాత్రమే. పంటల సరళి, నీటి వనరు, రైతు స్వభావం అర్థమయ్యేసరికి రెండేళ్లు గడుస్తాయి. ఈ లెక్కన పదవీకాలం మూడేళ్లయితే ఉద్యోగి పూర్తి శక్తితో ఉపయోగపడేది ఒక్క ఏడాది. ఐదేళ్లయితే మూడేళ్లు. జీతాల ఖర్చు పెరగదు, కొత్త పోస్టు అక్కరలేదు. రెండేళ్ల నిలకడతో ఫలవంతమైన కాలం మూడింతలవుతుంది. అంకెలు ఊరిని బట్టి మారవచ్చు, నేర్చుకొనే కాలం ఎక్కడా సున్నా కాదు.

ఉద్యోగులు ఎందుకు వెళ్తారన్న ప్రశ్నకు మార్చ్, సైమన్ 1958లోనే ఒక చట్రాన్ని ఇచ్చారు. వెళ్లాలన్న కోరిక ఎంత, వెళ్లడం ఎంత సులువు అన్నవి అందులో రెండు ప్రశ్నలు. వ్యవసాయ పట్టభద్రుల విషయంలో రెండవ ప్రశ్నకు జవాబు మారిపోయింది. బ్యాంకులలో వ్యవసాయ క్షేత్రాధికారి ఉద్యోగాలు, విత్తన, పురుగుమందుల కంపెనీలు, సర్వీసు కమిషను పరీక్షలు, స్నాతకోత్తర విద్య వారి ముందు ఉన్నాయి. నాలుగేళ్ల డిగ్రీ పూర్తిచేసి గ్రామస్థాయి ఉద్యోగంలో చేరిన యువకుడు సాయంత్రాలు పోటీ పరీక్షలకు చదువుకొనడం అతడి నైతిక లోపం కాదు. తనకు అంతకు మించిన అర్హత ఉందని వ్యవస్థే అతడికి డిగ్రీ ఇచ్చి చెప్పింది.

మొదటి ప్రశ్నపై హెర్జ్‌బర్గ్ 1959 నాటి పరిశీలన ఇప్పటికీ ఉపయోగపడుతుంది. పిట్స్‌బర్గ్ ప్రాంతంలోని సుమారు రెండు వందల మంది ఇంజనీర్లు, అకౌంటెంట్ల అనుభవాల నుంచి అతడు తేల్చినదేమంటే, జీతం, పర్యవేక్షణ, పని పరిస్థితులు సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది. అవి సరిగా ఉన్నంత మాత్రాన సంతృప్తి పుట్టదు. సంతృప్తికి మూలం పనిలోనే ఉంటుంది. పద్ధతి మీద విమర్శలు వచ్చినా ఈ విభజన విస్తరణ ఉద్యోగానికి చక్కగా అతుకుతుంది. పంటల నమోదు, ఎరువుల నిల్వల వివరాలు, పథకాల లబ్ధిదారుల ధ్రువీకరణ, ఛాయాచిత్రాల అప్‌లోడు, వీడియో సమావేశాలు. గ్రామస్థాయి ఉద్యోగి దినచర్యలో ఇవి పెరిగినకొద్దీ పంటను చూసి రోగాన్ని గుర్తించి నివారణ చెప్పే సమయం తగ్గుతుంది. ఈ పనులు అనవసరమని ఎవరూ అనరు. పంట నమోదు లేకపోతే బీమా, పరిహారం, కొనుగోలు అన్నీ ఆగుతాయి. కాని వాటికి వ్యవసాయ శాస్త్రం చదివిన మనిషి అక్కరలేదు. చదివిన శాస్త్రాన్ని వాడే అవకాశం లేని చోట చదివినవాడు నిలవడు, నిలిచినా ఆ శాస్త్రం అతడిలో నిలవదు. సర్వీసులో ఉంటూనే వృత్తిని వదిలేసిన ఈ రెండవ వర్గం ఏ గణాంకాలకూ అందదు. నష్టం మాత్రం రాజీనామా కంటే ఎక్కువ, ఎందుకంటే ఆ పోస్టు ఖాళీగా ఉన్నట్లు కూడా తెలియదు.

నియామక పద్ధతి నుంచి వచ్చే ఇబ్బంది మరొకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలు ఏర్పడినప్పుడు వేల సంఖ్యలో గ్రామ వ్యవసాయ సహాయకులు ఒక్కసారిగా ఉద్యోగంలో చేరారు. 2020 మే నెలాఖరులో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై నేడు రైతు సేవా కేంద్రాలుగా పిలువబడుతున్న వ్యవస్థకు వారే వెన్నెముక. తెలంగాణలో సుమారు ఐదు వేల ఎకరాలకు ఒక విస్తరణాధికారి, ఆ క్లస్టరుకు ఒక రైతు వేదిక అన్న ఏర్పాటు జరిగింది. ఇంత విస్తృతంగా గ్రామస్థాయికి మనిషిని చేర్చడం రెండు రాష్ట్రాలూ సాధించిన గొప్ప విషయమే. అయితే ఒకే ఏడాది చేరిన తరం ఒకే ఏడాది పదోన్నతికి ఎదురుచూస్తుంది. పై మెట్టు మీద పోస్టులు అన్ని లేవు. వయసు, అర్హత, అనుభవం సమానంగా ఉన్న వేలమందిలో కొద్దిమందికే ముందుకు వెళ్లే దారి కనిపిస్తే మిగిలినవారు బయటి దారి వెదకడం సహజం. అదే పోస్టులో ఉంటూ హోదా, వేతనం పెరిగే వృత్తి సోపానం ఉంటే ఊరిని వదలకుండానే ఎదగవచ్చు. ఐదేళ్లు ఒకే క్లస్టరులో పనిచేసి క్షేత్ర నిర్ధారణలో ప్రావీణ్యం చూపినవారికి సీనియర్ హోదా ఇవ్వడం ఇందుకు ఒక మార్గం. ప్రస్తుత అమరికలో ఎదుగుదల అంటే ఊరు వదలడమే.

ఆత్మ పథకం కింద పనిచేసే సాంకేతిక సిబ్బంది పరిస్థితి వేరు. కాంట్రాక్టు మీద ఉన్న మనిషికి నిలకడను గురించి బోధించడంలో అర్థం లేదు. ఏటా పొడిగింపు కోసం ఎదురుచూసే ఉద్యోగి మూడేళ్ల ప్రదర్శన క్షేత్రాన్ని ఎలా తలపెడతాడు? కృషి విజ్ఞాన కేంద్రాలలోనూ ఆతిథ్య సంస్థ విశ్వవిద్యాలయమా, భారతీయ వ్యవసాయ పరిశోధన మండలి సంస్థా, స్వచ్ఛంద సంస్థా అన్నదాన్ని బట్టి ఒకే పని చేసే విషయ నిపుణుల సేవా నిబంధనలు మారుతున్నాయి. ఇది నిధులకు, విధానాలకు సంబంధించిన విషయం. శిక్షణ కార్యక్రమాలతో, ప్రశంసాపత్రాలతో తీరేది కాదు.

ఒక అభ్యంతరాన్ని ఇక్కడ న్యాయంగా పరిశీలించాలి. ఒకే చోట దీర్ఘకాలం ఉన్న ఉద్యోగి స్థానిక వర్గాలకు, దుకాణాలకు దగ్గరై నిష్పాక్షికత కోల్పోతాడని, కొత్తదనం నశిస్తుందని పరిపాలకులు అంటారు. బదిలీ నియమాలు పుట్టింది ఈ అనుభవం నుంచే. అందులో నిజం ఉంది. భార్యాభర్తలను ఒకే చోట ఉంచడం, ఆరోగ్య కారణాలు, ఏజెన్సీలో ఏళ్ల తరబడి పనిచేసినవారికి మైదాన ప్రాంతపు అవకాశం వంటివి ఆపదగినవి కావు. పరిశోధనకు, ఉన్నత పదవికి వెళ్లే ప్రతిభావంతుడిని పట్టి ఉంచడం కూడా మంచి యాజమాన్యం కాదు. పల్లెను తెలిసిన మనిషి రేపు ఆచార్యుడైతే విశ్వవిద్యాలయానికే లాభం. కనుక ఎవరూ కదలకూడదని వాదించడం లేదు. కదలిక పంటకాలాన్ని గౌరవించాలి, వెళ్లేవాడి జ్ఞాపకం ఊరిలో ఉండాలి. ఈ రెండూ ఖజానాకు దాదాపు ఖర్చు లేని పనులు.

తొలకరి పడి విత్తనం కోసం రైతు పరుగులు తీసే జూన్ నెలలో క్షేత్ర సిబ్బందిని కదిలించడం కంటే అననుకూల సమయం లేదు. విద్యాసంవత్సరాన్ని దృష్టిలో ఉంచుకొని బదిలీలు వేసవి ముగింపులో జరుగుతాయి. ఉపాధ్యాయులకు అది సరిపోతుంది. వ్యవసాయ సిబ్బందికి రబీ కోతలు ముగిసిన ఏప్రిల్‌లోనే ఉత్తర్వులు వెలువడి, మే నెలలో పాత, కొత్త ఉద్యోగులు కలిసి కనీసం ఒక వారం గ్రామాలలో తిరిగే ఏర్పాటు ఉండాలి. ప్రస్తుతం చార్జి అప్పగింత అంటే బీరువాలు, కుర్చీలు, రిజిస్టర్లు, తాళంచెవుల జాబితాపై రెండు సంతకాలు. ఫ్యాను ఎన్ని రెక్కలతో ఉందో కూడా రాసే ఆ జాబితాలో ఊరు ఉండదు. ప్రజనన శాస్త్రవేత్తకు క్షేత్ర పుస్తకం వలెనే విస్తరణ ఉద్యోగికి గ్రామ పుస్తకం ఒకటి ఉండాలి. నేలల తీరు, నీటి వరుస, గత మూడేళ్లలో వచ్చిన పురుగులు, వాటికి చేసిన సిఫారసులు, వాటిలో ఫలించనివి, ఆదర్శ రైతులు, కౌలుదారులు, మహిళా సంఘాలు, ప్రదర్శన క్షేత్రాలు వేసిన చోట్లు. ఫలించని సిఫారసులను రాయడానికి ఉద్యోగులు వెనుకాడతారు, కనుక ఆ పుస్తకాన్ని పనితీరు మదింపుకు ఎన్నడూ వాడకూడదు.

నియామకం వైపు చూస్తే, మనుషులను ఉద్యోగంలో ఉంచేది సంతృప్తి మాత్రమే కాదని 2001లో మిచెల్, లీ తదితరులు ప్రతిపాదించిన భావన చెబుతుంది. స్థలంతో, సమూహంతో ఏర్పడిన బంధాలు, ఆ ప్రాంతానికి ఇమిడే తత్వం, వెళ్తే కోల్పోయేవి కూడా మనిషిని నిలుపుతాయి. చింతపల్లి, పాడేరు, ఉట్నూరు వంటి గిరిజన ప్రాంతాలకు ఈ భావన వెంటనే వర్తిస్తుంది. మైదానం నుంచి వచ్చిన ఉద్యోగికి అక్కడ భాష కొత్త, ఇల్లు దొరకదు, పిల్లల చదువు సమస్య. స్థానిక యువతకు ఇవేవీ అడ్డు కావు. పదవ తరగతి తరువాత రెండేళ్ల డిప్లొమా ఇచ్చే వ్యవసాయ పాలిటెక్నిక్‌లు ఆ ప్రాంతాల విద్యార్థులతో నిండి, వారికే అక్కడ కొలువులు దక్కితే నిలకడ దానంతట అదే మెరుగవుతుంది. డిప్లొమాదారులకు అగ్రిసెట్ ద్వారా డిగ్రీలో చేరే దారి ఉంది. సర్వీసులో ఉన్నవారు ఉద్యోగాన్ని వదలుకొనకుండా ఆ దారిలో వెళ్లి తిరిగి అదే ప్రాంతానికి రాగలిగే ఏర్పాటు కావాలి.

విశ్వవిద్యాలయం చేతిలో ఇప్పటికే ఉన్న సాధనం గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమం. ఉద్యోగాన్ని ఉన్నదున్నట్లుగా ముందే చూపిస్తే చేరిన తరువాత నిరాశ తగ్గుతుందని నియామక పరిశోధనలు చెబుతాయి. చివరి సంవత్సరపు విద్యార్థులు రైతుల ఇళ్లలో ఉండి పంట పనులు నేర్చుకుంటున్నారు, గ్రామ పటాలు వేస్తున్నారు. విస్తరణ ఉద్యోగి పూర్తి దినం ఎలా గడుస్తుందో మాత్రం వారు చూడడం అరుదు. ఆ కార్యక్రమంలో రెండు వారాలు గ్రామ వ్యవసాయ సహాయకుడి వెంటే నడిపిస్తే, ఈ పని తనకు సరిపడదని గ్రహించేవారు అప్పుడే గ్రహిస్తారు. ఇష్టపడేవారు కళ్లు తెరిచి చేరతారు.

చివరగా పరిశోధన సంగతి. విస్తరణ విద్యా విభాగాల స్నాతకోత్తర గ్రంథాలలో ఉద్యోగ సంతృప్తి ఇష్టమైన అంశాలలో ఒకటి. ఎక్స్ పోస్ట్ ఫ్యాక్టో నమూనా, నూటఇరవై మంది చొప్పున ప్రతివాదులు, ఒక మాపకం, సహసంబంధ గుణకాలు అన్నది పరిచితమైన మూస. ఇందులో ఒక లోపం తప్పదు. ప్రతివాదులందరూ ఇంకా ఉద్యోగంలో ఉన్నవారే. వెళ్లిపోయినవారిని ఎవరూ అడగరు కనుక, ఎందుకు వెళ్లారన్న ప్రశ్నకు వెళ్లనివారే జవాబు చెబుతున్నారు. దీనికి బదులు ఒక జిల్లాలోని క్లస్టర్లన్నింటికీ, ప్రతి ఉద్యోగి చేరిన తేదీ, వదలిన తేదీ తీసుకొని, 1958లో కాప్లాన్, మేయర్ ఇచ్చిన మనుగడ విశ్లేషణ పద్ధతిని వర్తింపజేయవచ్చు. వైద్య పరిశోధనల్లో విస్తృతంగా వాడే ఈ పద్ధతి, ఇంకా వెళ్లనివారి అసంపూర్ణ కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఏ నెలలో నిష్క్రమణలు ఎక్కువ, స్థానికులకు, స్థానికేతరులకు మధ్య తేడా ఎంత, డిప్లొమాదారులు ఎక్కువకాలం నిలుస్తున్నారా, రాజీనామా కంటే బదిలీయే పెద్ద కారణమా అన్నవి ఒక రేఖాచిత్రంలో కనిపిస్తాయి. వెళ్లినవారిలో కొందరిని ఫోనులో పలకరించి కారణం అడగడం మిగిలిన పని. తేదీలన్నీ మండల, జిల్లా వ్యవసాయ కార్యాలయాల సర్వీసు రిజిస్టర్లలో ఉన్నాయి. అనుమతి లభిస్తే ఒక విద్యార్థి ఒక సెమిస్టరులో వాటిని సేకరించగలడు.